నాలుగు రంగుల మావయ్య

ఫిబ్రవరి 3

ఏమే మొండిఘటమా,

నీ చేతిరాత చూసి పందొమ్మిదేళ్ళయింది. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "పనిలో ఉన్నా వదినా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. దీన్ని మధ్యలో పెట్టెయ్యలేవుగా!

ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. బాగానే అంటే, జులైలో ఆయనకి ఎనభై నిండుతాయి. రెండు కళ్ళకీ పొర కమ్మేసింది, ఆపరేషన్ మాటెత్తితే మీద పడతారు. మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. కుడిచెయ్యి ఒకటే వణుకు. కుంచె పట్టి ఆరేళ్ళయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో కూచుని ఊళ్ళోవాళ్ళందరికీ చూపు సరిచేస్తాను, ఇంట్లో మనిషికి చెయ్యలేకపోయాను చూడు.

అసలు విషయానికొస్తా. కళాసంఘం వాళ్ళు నాన్నకి పెద్ద సభ పెడుతున్నారు. హాల్లో ఆయన నిలువెత్తు బొమ్మ ఒకటి ఎప్పటికీ ఉండేలా కడతారట. సంఘం కార్యదర్శి గుర్తున్నాడా, మైకు దొరికితే వదలడని మనం మైకాసురుడని పిలిచేవాళ్ళం? నాన్న ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేయిద్దాం అన్నాడాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో సగం ఇళ్ళలో ముఖాలు వేసిన మనిషికి ఫోటోనా? "మా నాన్న మేనకోడలు వేస్తుంది, మా ఇంట్లో పెరిగింది, ఆయన దగ్గరే నేర్చుకుంది" అని చెప్పేశాను. నిన్ను అడక్కుండానే మాటిచ్చేశా. కాదంటే నా పరువు పోతుంది.

ముందుగదిలో అమ్మ బొమ్మ ఉందే, అలా వెయ్యి. ఎవరొచ్చినా దాని ముందు ఓ నిమిషం నిలబడతారు. అంతకంటే ఏం అడగను?

మేనమామ మీద అలక ఎన్నేళ్ళే? నువ్వెందుకు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయావో ఆయన ఇప్పటికీ నాకు చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. పోనీ, చెప్పక్కర్లేదు. బొమ్మ వెయ్యి.

నీ వదిన

ఫిబ్రవరి 19

వదినా,

నువ్వు బాగున్నావని రాశావు, నేనూ బాగున్నానని రాస్తున్నా. ఆ తంతు అయిపోయింది.

వేస్తాను. ఎగిరి గంతేసి ఒప్పుకుంటున్నా. నీ ఉత్తరం చదివిన పది నిమిషాలకే మేనేజరు దగ్గరికెళ్ళి మధ్యాహ్నాలు సెలవు కావాలన్నాను. నేను చేసేది నాటకాల తెరలు రాసే షెడ్డులో. అడవి కావాలంటే అడవి, మేడ కావాలంటే మేడ, నలభై అడుగుల గుడ్డమీద. ముఖం మాత్రం పందొమ్మిదేళ్ళుగా ఒక్కటీ వెయ్యలేదు. ఎందుకో చెప్పక్కర్లేదన్నావు కాబట్టి చెప్తాను.

మీ ఇంటికొచ్చేసరికి నాకు పదమూడు, నీకు పదహారు. మా అమ్మ పోయిందని మావయ్య తెచ్చుకున్నాడు. వెనక గదిలో స్టూలు వేసి నాలుగు ట్యూబులు చేతిలో పెట్టాడు: తెలుపు, మట్టి పసుపు, ఎరుపు, నలుపు. ముఖానికి ఇవి చాలు అన్నాడు. మిగతావి బీరువాలో పెట్టి తాళం వేశాడు. నీలం అడిగితే "నీకెందుకు?" అన్నాడు. పదహారో ఏటికి నా ముఖాలు ఆయన ముఖాలకంటే బాగా కుదిరాయి. ఆ సంగతి ఆయనే ముందు కనిపెట్టాడు. అప్పట్నుంచి నేను వెళ్ళిపోయేదాకా ఆ ఇంట్లోంచి వెళ్ళిన ప్రతి ముఖం నాది. బట్టలు, వెనకాల ఆకాశం, నీలం వచ్చే చోటల్లా ఆయన. సంతకం ఆయన. పన్నెండేళ్ళు వదినా. అరవై నాలుగు ముఖాలు.

బయటికొచ్చి నా సొంతంగా మూడు ముఖాలు వేసి ఒక గ్యాలరీకి పట్టుకెళ్ళాను. ఆ ఓనరు మీ ఊళ్ళో ఒక ఇంట్లో మావయ్య బొమ్మలు చూసినవాడు. "మాస్టారి చెయ్యిని దించేశావమ్మా, కాపీ కొట్టినా కాస్త తెలివిగా కొట్టాలి" అన్నాడు. నన్ను చూసి నేనే కాపీ కొట్టానట! ఆ మూడూ ఆ రోజే చింపేశాను. నాకు కావలసింది ఒక్కటే. ఆ ముఖాలు ఎవరివో ఊరికి తెలియాలి. పందొమ్మిదేళ్ళుగా దారి కోసం చూస్తున్నా, నువ్వు ఉత్తరం రాశావు.

నేను రాను. ఫోటో పంపు. ఫోటోలో లేనివి నువ్వు రాసి పంపు. ఏ చెవి పెద్దది? ఎవరైనా పొగుడుతుంటే నోరెలా పెడతాడు? మెడ ఏ పక్కకి వాలింది? చేతులు ఎక్కడ దాచుకుంటాడు? ఏదీ వదలొద్దు. ఆ నాలుగు రంగులతోనే వేస్తాను.

నీ మరదలు

మార్చి 5

ఏమే కోతీ,

నీ వేళాకోళం ఇంకా పోలేదన్నమాట! నీ ఉత్తరం చదివి దుకాణంలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అరవై నాలుగట! చిన్నప్పుడు కూడా అంతే, నేను చేసిన పనల్లా నువ్వే చేశానని అమ్మకి చెప్పేదానివి. నువ్వు రంగులు కలిపేదానివి, కుంచెలు కడిగేదానివి, నాన్నకి చేదోడుగా ఉన్నావు. అది మేం ఎవరం మర్చిపోలేదు. ఆ గ్యాలరీవాడు అన్న మాటకి మనసు కష్టపెట్టుకున్నావని ఇప్పుడు తెలిసింది. పాపం, ముందే చెప్పొద్దూ? గురువు చెయ్యి శిష్యురాలికి రావడం తప్పేముంది, వాడి బొంద.

మొన్న నాన్నకి చదివి వినిపించాను, ఆ వేళాకోళం వదిలేసి, వేస్తానన్నంత వరకే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత "అది నా కుంచె" అన్నారు. "నా దగ్గరున్నవాటిలో అంత మంచి కుంచె ఇంకోటి లేదు" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన నోట నన్ను గురించి అలాంటి మాట ఒక్కనాడూ రాలేదు.

ఇక నువ్వడిగినవి. కుడిచెవి పెద్దది. కళ్ళజోడు దారం అటే లాగి లాగి తమ్మె సాగిపోయింది. ఎవరైనా పొగుడుతుంటే కింది పెదవి ముందుకి చాపుతారు, చంటిపిల్లలు ముద్ద కోసం చాపినట్టు. చూస్తే ముద్దొస్తుంది. మెడ ఎడమకి వాలింది, సన్నబడిపోయింది, చొక్కా కాలరులో తిరుగుతూ ఉంటుంది. తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ ఎవరైనా వస్తున్నారంటే తడిచేసి దువ్వుకుంటారు, కనపడకపోయినా అద్దం ముందే నిలబడి. చేతులు వణుకుతాయని సిగ్గు. శాలువా కింద దాచుకుంటారు. ఇంకో సంగతి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కనుబొమలు పైకెత్తి వింటున్నట్టే ఉంటారు, ఏమీ వినరు. నేను ఎన్నిసార్లు ఉడుక్కున్నానో!

ఇంత ప్రేమగా అడిగావని రాస్తున్నా. మనిషిని గురించి ఇన్ని ప్రశ్నలు వేసినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అలక సగం తీరినట్టే.

నీ వదిన

మార్చి 28

వదినా,

నేను నీకు నిజం రాస్తే నువ్వు నవ్వుకున్నావు. సరే. నవ్వుకో.

"నా కుంచె" అన్నాడా? ఆ మాట నాకు పుండు మీద కారం చల్లినట్టు రాసి పంపావు. తెలిసే రాశావేమో అని రెండు రోజులు అనుమానపడ్డాను. కుంచె తనంతట తను ఏం వేస్తుంది? కడిగి డబ్బాలో పెడితే పడుంటుంది. వేసినవాడి పేరే ఉంటుంది గాని కుంచె పేరు ఎవరడుగుతారు? తన నోటితోనే ఒప్పుకున్నాడు, నీకు అర్థం కాలేదు.

ఆ రోజే మొదలుపెట్టాను. ఆరడుగుల కేన్వాసు. ఫోటో ఒక్కసారి చూసి గోడవైపు తిప్పేశాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని వేస్తున్నా. ముందు బొగ్గుతో మెడ. నువ్వు సన్నబడిందన్నావు, నేను జానెడు పొడుగు లాగాను. దాని చివర తల వాలిపోయి వేలాడుతుంది. కుడిచెవి ముఖంలో మూడోవంతు. వినడానికి కాదు, పొగడ్త పట్టుకోడానికి. కింది పెదవి గడ్డం మీదకంటా చాచాను, ఎవరైనా ఏదైనా వేస్తారేమోనని. కనుబొమలు నుదురు దాటి పైకెళ్ళిపోయాయి. చేతులు శాలువా బయటికి లాగాను. దాచుకోనివ్వను. పెద్ద మనిషికి చిక్కుడు గింజలంత చేతులు.

రంగు సంగతి నీకు సరదాగా ఉంటుంది. నలుపులో తెలుపు కలిపి మట్టి పసుపు పక్కన పెడితే చూసేవాళ్ళ కంటికి అది నీలంలా కనపడుతుంది. నీలం లేకుండా నీలం. పన్నెండేళ్ళు ఆయన బీరువాకి తాళం వేసుకుంటే నేను అలా బతికాను. ఆయన కళ్ళకింద గుంటల్ని దాంతోనే నింపాను. ఎరుపు చెవికీ పెదవికీ మాత్రమే. అదీ పచ్చిగా, చాకుతో మెత్తాను. మిగతా ముఖమంతా పసుపు, పొగపట్టిన గోడలా.

నేను ఆయన మీద కక్షతోనే వేస్తున్నా. దాచడం లేదు. చూసినవాళ్ళు నవ్వకూడదు, మెచ్చుకోకూడదు, జడుసుకోవాలి. మధ్యాహ్నం మూడింటికి మొదలెడితే చెయ్యి నెప్పెట్టేదాకా ఆపలేను. ఇంత హాయిగా పనిచేసి ఎన్నేళ్ళయిందో.

కుంచె

ఏప్రిల్ 20

పిల్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ కళాకారుల మాటలు నాకేం తెలుస్తాయి? మెడ పొడుగు, చెవి పెద్దది అన్నావు. ఇప్పటి బొమ్మలు అలానే ఉంటాయని మైకాసురుడు చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు కాకుండా లోపలి మనిషిని చూపిస్తారట. "అద్భుతం, జడుసుకునేంత గొప్పగా వస్తోందట" అని నాన్నకి చెప్పాను. పెదవి చాపారు.

కక్ష అన్నావు గాని నేను నమ్మను. కక్ష ఉన్నవాళ్ళు పని మానేసి నెలల తరబడి ఒక ముఖం ముందు కూచోరు.

ఆహ్వానపత్రాలు అచ్చయ్యాయి. "చిత్రకారిణి: మాస్టారి మేనకోడలు" అని నీ పేరుతో సహా వేయించాను. నాన్నకి చదివితే "బొమ్మ మీద నా పేరు ఉండదా?" అన్నారు. పెద్దవాళ్ళయ్యారు, ఏది ఎవరిదో మర్చిపోతున్నారు.

ఒక్కటి బతిమాలుకుంటా. ఎలా వేసినా అమ్మ బొమ్మలో ఉన్న ఆ మెత్తదనం కాస్త ఉండనీ. నీకు చెప్పలేదెప్పుడూ. అమ్మ జబ్బున పడ్డప్పుడు నేను అత్తవారింట్లో ఉన్నాను. నాన్న నాకు కబురు పెట్టలేదు, కంగారుపడతానని. డాక్టరుకి చూపించడం కూడా ఆలస్యం చేశారు. ఆ కోపం నాకు చాలా ఏళ్ళుంది. నాన్నతో పలకరింపులు కూడా ఉండేవి కావు. మా ఆయన పోయాక ఈ ఇంటికి తిరిగొచ్చి, ముందుగదిలో రోజూ ఆ బొమ్మ చూస్తూ చూస్తూ కోపం పోగొట్టుకున్నాను. ఆ కళ్ళకింద నీడ, ఆ నోటి చివర అలసట, నవ్వబోయి ఆగినట్టు. అంతలా చూసినవాడు ఆవిడని పట్టించుకోలేదని ఎలా అనుకోను? ఆ బొమ్మ వేసిన మనిషిని క్షమించాను. నువ్వూ ఓసారి వచ్చి దానిముందు నిలబడితే నీ కోపమూ పోతుంది.

వదిన

మే 6

వదినా,

ఇది నీకు రాయకూడదని మూడు కాగితాలు చింపాను. కానీ ఆయన్ని క్షమించమని నీ చేత చెప్పించుకోవడం నావల్ల కాదు. ఆ బొమ్మ చూపించి మరీ.

అత్తయ్య బొమ్మ నాది.

నాకప్పుడు పందొమ్మిది. పదకొండు మధ్యాహ్నాలు వెనక వరండాలో కుర్చీ వేసుకుని కూచుంది. పొద్దున లేవలేకపోయేది, మధ్యాహ్నానికి కాస్త తేరుకునేది. దిండు పెట్టి కూచోబెట్టేదాన్ని. మొదటి నాలుగు రోజులూ మాట్లాడలేదు. అయిదోరోజు "పెద్దదానికి కబురు పంపారా?" అని అడిగింది. పంపారని అబద్ధం చెప్పాను. పంపమని మావయ్యకి రెండుసార్లు చెప్పాను వదినా, వినలేదు. ఆ తర్వాత రోజూ వీధి చప్పుడు వింటూ కూచునేది. నవ్వబోయి ఆగినట్టుందని రాశావే, అది నవ్వు కాదు. నువ్వొచ్చావేమోనని విని, కాదని తెలిసిన ముఖం. మావయ్య పదకొండో రోజు వచ్చాడు. శాలువాకి నీలం అద్దాడు, సంతకం పెట్టాడు, వెళ్ళాడు. ఆవిడ ముఖంలోకి చూడలేదు.

మళ్ళీ వేళాకోళమంటావేమో. నీ దుకాణంలో భూతద్దం ఉంటుందిగా, తీసుకెళ్ళి చూడు. నాది ఎడమచెయ్యి. ఎడమచేత్తో గీసిన గీత ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందకి వాలుతుంది. కుడిచేతి గీత అటునుంచి ఇటు వాలుతుంది. ముఖం చూడు, తర్వాత శాలువా చూడు. మావయ్యది ఏ చెయ్యో నీకు తెలుసు. ఒక్క అత్తయ్య బొమ్మే కాదు, ఊళ్ళో ఏ ఇంటికైనా వెళ్ళి చూడు.

నీకు తెలియదంటే నేనూ నమ్మను. ఒకే ఇంట్లో ఉన్నాం. వెనక గది నీ గదికి గోడ అవతలే. పోనీ, ఇప్పుడు తెలిసిందిగా. బొమ్మ ఆరిపోయింది. పదిరోజుల్లో చెక్కపెట్టెలో పంపుతాను. దాన్ని ఆపితే ఆపు. కానీ ఆయన మీద ప్రేమతో మాత్రం ఆపకు.

—

జూన్ 18

నువ్వు చెప్పకుండా ఉండాల్సింది.

నీ ఉత్తరం వచ్చాక వారం రోజులు ముందుగదిలోకి వెళ్ళలేదు. తర్వాత భూతద్దం తెచ్చుకుని, ఆయన నిద్రపోతుంటే కుర్చీ ఎక్కాను. ముఖమంతా ఒకవైపు వాలింది. శాలువా అంతా రెండోవైపు. భూతద్దం తుడుచుకుని మళ్ళీ చూశాను, అదే. ఇన్నేళ్ళూ ఆ ఒక్కటే చూసుకుని ఆయనకి అన్నం పెట్టాను. నీకేం పోయింది? నీ పేరు నీకు కావాలి, దానికోసం నా అమ్మని మళ్ళీ చంపావు. నిన్ను క్షమించను. అది ముందే రాసేస్తున్నా.

నాకు నిజంగా తెలియదు. వెనక గది తలుపెప్పుడూ మూసే ఉండేది. "నాన్న పని చేసుకుంటున్నారు, వెళ్ళకు" అనేది అమ్మ. అమ్మకి తెలుసా? తెలిసే ఉంటుంది. నీ ముందు కూచుందిగా.

మర్నాడు పక్కవీధి టైలరు ఇంటికెళ్ళాను, వాళ్ళ తాతగారి బొమ్మ ఉంది. బడి పెద్ద మాస్టారింటికి వెళ్ళాను. చూపు పరీక్ష చేస్తున్నదానిలా అందరి గోడల ముందూ భూతద్దం పట్టుకుని నిలబడ్డాను. అన్నిటిలోనూ నువ్వే ఉన్నావు.

నీ పెట్టె వచ్చింది. విప్పకూడదనుకున్నా, విప్పాను. వంటగదిలో గోడకి ఆనించి చూశాను. మొదట ముఖం తిప్పేసుకున్నాను. ఆ చెవి, ఆ పెదవి! నేను ముద్దొస్తుందని రాసిన పెదవి. నా మాటలన్నీ తీసుకుని ఆ మనిషిని ఉతికి ఆరేశావు. తిరిగి పెట్టెలో పెట్టేద్దామని మేకులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఇంకాసేపు చూశాను. అమ్మ మంచంలో ఉన్న ఆ నాలుగు నెలలూ ఇల్లంతా తిరిగింది ఈ మనిషే అనిపించింది. కనుబొమలు పైకెత్తి, వింటున్నట్టు వింటున్నట్టు, ఏమీ వినకుండా. నేను చూడని నాలుగు నెలలు నువ్వు నాకు చూపించావు.

ఆపను. సభలో అదే కడతాను. గుడ్డ కప్పి పంపుతానని మైకాసురుడికి చెప్పేశా, ముందు ఎవరూ చూడ్డానికి వీల్లేదన్నాను.

బొమ్మ మీద నీ సంతకం లేదు. కుడిమూల ఖాళీగా ఉంది. మర్చిపోయావా, కావాలనే వదిలావా?

జూన్ 27

వదినా,

మర్చిపోయాను. నువ్వు రాసేదాకా నాకు తెలియనే తెలియదు. కక్షతో రెండు నెలలు గింజుకున్నానా, సంతకం పెట్టాల్సిన మూల దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటది ఆగిపోయింది. ముఖం వేస్తే ఆ మూల వదిలెయ్యాలని పదహారో ఏట పట్టిన అలవాటు. తెరల మీద ఎటూ ఎవరూ సంతకం పెట్టరు. ఛీ, నామీద నాకే అసహ్యం వేసింది. నువ్వే నల్లరంగుతో నా పేరు రాసెయ్యి. నీ రాతలోనైనా ఫర్వాలేదు.

అత్తయ్య సంగతి నీకు అలా రాసి ఉండాల్సింది కాదు. నీమీద నాకేం కోపం లేదు, నీకు తెలియదని ఇప్పుడు నమ్ముతున్నా. ఆయన్ని కొట్టబోతే నీకు తగిలింది. క్షమించొద్దు, సరే. కానీ ఒకటి విను. ఆ పదకొండు రోజులూ ఆవిడని చూసినవాళ్ళు ఒకరున్నారు. ఆ చూపు అబద్ధం కాదు. అది మీ నాన్నది కాదు, అంతే.

ఆయన మీద మాత్రం నా కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. బొమ్మ విప్పినప్పుడు హాల్లో ఎవరు ఏమన్నారో ఒక్క మాట పోకుండా రాయి.

మరదలు

జులై 22

మొన్న సభ అయింది. నువ్వు అడిగినట్టు ఒక్క మాట పోకుండా రాస్తున్నా.

హాలు కిక్కిరిసిపోయింది. రెండొందల మందికి పైనే. అందరి చేతుల్లోనూ నీ పేరున్న కార్డు. ఆయన వెంట్రుకలు తడిచేసి దువ్వుకుని, శాలువా కింద చేతులు పెట్టుకుని వేదిక మీద కూచున్నాడు. మైకాసురుడు ముప్పావుగంట పొగిడాడు. ఊళ్ళో ప్రతి ఇంటి ముఖాన్నీ బతికించిన చెయ్యి అన్నాడు. నేను పక్కనే నిలబడి పళ్ళు నూరుకుంటున్నా. గుడ్డ తియ్యమన్నారు, తీశాను.

చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. ముందు వరసలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో "అమ్మో" అన్నారు. ఆయనకి కనపడదుగా, చప్పట్లు ఎందుకాగాయా అని కనుబొమలెత్తి ఇటూ అటూ చూశాడు. అప్పుడు ఆయన అచ్చం ఆ బొమ్మలానే ఉన్నాడు. జనం ఒకసారి బొమ్మని, ఒకసారి ఆయన్ని చూస్తున్నారు.

నీ పేరు నేను రాయలేదు. రాద్దామనే కుంచె, నల్లరంగు సంచిలో తెచ్చుకున్నాను. కానీ అక్కడ నిలబడితే ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు గోడ అవతల్నించి నీ గొంతు వినపడేది, "మావయ్యా, అయింది" అని. వెంటనే ఆయన కుర్చీ జరిగిన చప్పుడు, లోపలికి నడిచిన చప్పుడు. రంగులు కలపడం అయిందేమో అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది కదా ఏమయ్యేదో.

కుంచె నల్లరంగులో ముంచాను. ఆయన శాలువా తప్పించి, కుడిచేతిలో పెట్టాను. చెవి దగ్గరకి వంగి నీలాగే అన్నాను: "మావయ్యా, అయింది."

ఇంకేమీ అడగలేదు. ఎవరు, ఏ బొమ్మ, ఎక్కడ, ఒక్క ప్రశ్న వెయ్యలేదు. లేచాడు. కేన్వాసు అంచు వేళ్ళతో తడుముకుంటూ కుడిమూల పట్టుకున్నాడు. వణికే చెయ్యి వణకడం మానేసిందే! ఇంత పొడుగు సంతకం, తోకతో సహా, గీసి చక్కా వచ్చి కూచున్నాడు. ఒక్కసారి కూడా బొమ్మవైపు చూడలేదు. అమ్మ బొమ్మ మీద కూడా ఇలాగే పెట్టి ఉంటాడు.

మైకాసురుడు కంగారుగా, మైకు చేతిలో ఉందని కూడా మర్చిపోయి, "అదేమిటి మాస్టారూ, ఇది మీ మేనకోడలు వేసింది కదా?" అన్నాడు. ఆయనకి విసుగొచ్చింది. మైకు సరిగ్గా నోటిముందే ఉంది.

"వేసింది అదే. అన్నీ అదే వేస్తుంది. సంతకం నేను పెడతాను. ఎప్పుడూ అంతేగా!"

రెండొందల మందీ విన్నారు. బడి పెద్ద మాస్టారు లేచి నిలబడి "ఎప్పుడూ అంటే? మా నాన్నగారిది కూడానా?" అన్నాడు. టైలరు నావైపు చూశాడు, నేను భూతద్దంతో వాళ్ళింటికి ఎందుకెళ్ళానో అతనికి అర్థమైంది. నేను తలూపాను. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు. పూలదండలు బల్లమీదే ఉండిపోయాయి.

ఇంటికొచ్చాక "అందరూ అలా లేచి వెళ్ళిపోయారేం?" అన్నాడు. చెప్పాను. నమ్మలేదు. "బొమ్మ ఎలా ఉంది? బాగా వచ్చానా?" అని అడిగాడు. ఎదురుగా కూచుని ఒక్కొక్కటే చెప్పాను. మెడ చెప్పాను. చెవి చెప్పాను. పెదవి చెప్పాను. చాలన్నాడు. ఆపలేదు. చేతులు చెప్పాను. అమ్మ దగ్గరికి ఆ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు వెళ్ళావని అడిగాను. చేతులు శాలువా కిందకి లాక్కున్నాడు.

నిన్నట్నుంచి ఊళ్ళో ఇళ్ళవాళ్ళు వస్తున్నారు, నీ అడ్రసు అడుగుతున్నారు. ఇస్తున్నా. సంఘంవాళ్ళు కూడా వచ్చారు. కొత్త బొమ్మ మీద ఆయన సంతకం టర్పెంటైనుతో తుడిపించి నీ పేరు రాయిస్తారట, నీ ఒప్పుదల కావాలట. పచ్చిగా ఉండగానే తుడవాలట, తొందరగా చెప్పమన్నారు.

అమ్మ బొమ్మని ముందుగదిలోంచి తీసి నా గదిలో పెట్టుకున్నాను. నిన్ను క్షమించలేదు. కానీ పదకొండు రోజులూ ఆవిడ ఇంకేం మాట్లాడిందో, గుర్తున్నంత వరకూ, ఉత్తరానికి ఒక రోజు చొప్పున రాయి.

వదిన

ఆగస్టు 1

వదినా,

నీ ఉత్తరం చదివి షెడ్డులో కింద కూచుండిపోయాను. తోటివాళ్ళు ఎవరైనా పోయారా అని అడిగారు. లేదు, నా ముఖాలు నాకు తిరిగొచ్చాయన్నాను. నాకంటే నీ దెబ్బే గట్టిది. నేను రెండు నెలలు మెడలు లాగి చెవులు సాగదీస్తే నువ్వు రెండు మాటల్లో తేల్చేశావు.

ఆయన మీద జాలి వేస్తుందేమో అని చూసుకున్నాను. వెయ్యలేదు. ఏం చెయ్యను?

అత్తయ్య మొదటి నాలుగు రోజులూ మాట్లాడలేదని రాశాను కదా. కాబట్టి వచ్చే ఉత్తరం అయిదో రోజుతో మొదలవుతుంది. అదయ్యాక ఆరు. ఒక్కటీ దాచను. ఆ బొమ్మ మీద పేరు నీ ఇష్టం, ఉంచినా, తుడిచినా, నాది రాసినా. అది మీ అమ్మ ముఖం, నాకు దాని మీద ఇంకే పేచీ లేదు.

సంఘంవాళ్ళకి మాత్రం నా జవాబు ఈరోజే చెప్పు. ఒప్పుకోను. గుడ్డ కూడా తగలనివ్వొద్దు. ఊళ్ళో ఉన్న అరవై నాలుగింటి మీదా ఆయన పేరు తీసి నాది రాయమను. ఈ ఒక్కటీ అలాగే ఆయన సంతకంతో హాల్లో ఉండాలి. ఆయన పేరు పెట్టుకున్నవాటిలో నిజంగా ఆయనది ఇదొక్కటే.

నీ మరదలు